అతుకు లేని తెర

దశరథం ఆ సినిమాకు వెళ్ళింది భార్య కమలవ్వ పోరు పడలేకనే. ఆదివారం మధ్యాహ్నం అయితే చాలు, అతను క్వార్టరు వెనక మెట్టు మీద కూర్చుని, మోరీ కాలువ మీదుగా కాళ్ళు వేలాడేసుకుని, గోదావరి దిక్కు చూస్తూ ఉండిపోతాడు. పిలిస్తే పలుకుతాడు గానీ తనంతట తాను మాట్లాడడు.

"లేరాదయ్యా, కాలనీ అంత పోతున్నది. ఫ్రాన్సు దొర తెప్పిచ్చిన సినిమానట. నవ్వలేక సస్తరట" అంది కమలవ్వ.

"గా భాష మనకేం సమజైతదే?"

"మాటలే లేవంటున్నరు. దేవదాస్ చెప్పిండు. నడువు, కడుపు నిండ నవ్వి ఎన్ని దినాలైతుంది నువ్వు?"

ఆ మాటకు దశరథం లేచి చొక్కా తొడుక్కున్నాడు.

అది పందొమ్మిది వందల అరవై ఒకటి, చలికాలం. లక్సెట్టిపేటకు కొంత దూరంలో గోదావరి ఒడ్డున కొత్తగా పెట్టిన సిమెంటు ఫ్యాక్టరీ. వరుసగా తెల్లటి క్వార్టర్లు, ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియకుండా. ప్రతి ఇంట్లో కరెంటు దీపం, వంటింట్లో తిప్పితే నీళ్ళొచ్చే నల్లా. దశరథం అక్కడ సంచులు నింపే పనిలో చేరి మూడేళ్ళవుతోంది. అంతకు ముందు ఇరవై ఏళ్ళు హుజూరాబాద్ దగ్గరి ఊళ్ళో మగ్గం నేశాడు. ఒక్కడే కాదు, అన్న కొమురెల్లితో కలిసి. వాళ్ళ బాపు దించిన వెడల్పు మగ్గం అది. నాలుగు మూరల అడ్డం ఉన్న దుప్పట్లు నేయడానికి ఇద్దరు మనుషులు గుంటలో పక్కపక్కన కూర్చోవాలి. అడ్డదారం మోసుకుపోయే నాడెను ఒకడు విసిరితే ఇంకొకడు పట్టాలి. దశరథం గుంటలోంచి లేచి వెళ్ళిన రోజే ఆ మగ్గం ఆగిపోయింది. కొమురెల్లి ఆ తర్వాత చిన్న మగ్గం మీద ఒంటరిగా తువ్వాళ్ళు నేసుకుంటున్నాడు. తమ్ముడితో మాట్లాడడం మానేశాడు.

దశరథం ఊరికే రాలేదు. వాళ్ళ ఊళ్ళో మంచినీళ్ళ బావి మైలు దూరం. ఒక ఎండాకాలం రెండు బిందెలతో గట్టెక్కుతూ కమలవ్వ జారిపడింది. ఆరో నెల. బిడ్డ దక్కలేదు, తర్వాత మళ్ళీ కడుపు పండలేదు. "నేను మల్ల గా బాయికి పోను" అందామె లేచి కూర్చున్న రోజు. దశరథం ఆమెకు ఎదురు చెప్పలేదు. నల్లా ఉన్న చోటు వెతుక్కుంటూ వచ్చాడు.

ఫ్యాక్టరీ క్లబ్బు హాలు కిటికీలకు నల్ల కంబళ్ళు కట్టారు. ప్రొజెక్టరు దగ్గర దేవదాస్ రీలు సర్దుతున్నాడు. పగలు టైమాఫీసులో గుమాస్తా, ఆదివారం సినిమా ఆపరేటరు. ముందు వరుసలో ఫ్రాన్సు దొర మార్సెల్, తెల్లటి పొట్టి చేతుల చొక్కాలో. సిమెంటు కాల్చే కొత్త కొలిమి బిగించడానికి ఏడాది కిందట వచ్చిన ఇంజనీరు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆ సినిమాను బొంబాయి నుంచి అతనే ఉత్తరాలు రాసి రప్పించాడు.

లైట్లు ఆరిపోయాయి. కథ ఏమంత పెద్దది కాదు. ఏదో పెద్ద పట్నంలో ఒక ముసలి ఆలుమగలు. వాళ్ళ పాత వీధిని కూల్చేస్తున్నారు. సర్కారు వాళ్ళకు అద్దాల మేడలో పన్నెండో అంతస్తులో ఇల్లు ఇచ్చింది. మీట నొక్కితే నీళ్ళు, మీట నొక్కితే వెలుగు, మీట నొక్కితే గోడలోంచి బల్ల బయటికి వస్తుంది. అన్నీ ఉన్నాయి గానీ ఉతికిన దుప్పటి ఆరేసుకోవడానికి మాత్రం చోటు లేదు. ఆ ముసలామె తడి దుప్పటి భుజాన వేసుకుని పట్నమంతా తిరుగుతుంది. లిఫ్టు తలుపు మూసుకుని దుప్పటి ఒక కొసను పట్టుకుని పైకి పోతుంది, ఇంకో కొస పట్టుకుని ఆమె కింద నిలబడిపోతుంది. రోడ్డు మీద పోలీసు అదేదో జెండా అనుకుని సలాము కొడతాడు. ఒక పెద్ద ఆఫీసులో ఆమె కాసేపు కుర్చీ వీపు మీద దుప్పటి పరిస్తే, అక్కడి గుమాస్తాలంతా కొత్త రూలు వచ్చిందనుకుని తమ కోట్లు విప్పి కుర్చీలకు పరుస్తారు.

హాలంతా పగలబడి నవ్వింది. కమలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. దశరథం కూడా నవ్వాడు. అతని నవ్వు విని ఆమె చీకట్లోనే అతని చేయి నొక్కింది.

అయితే కాసేపటికి అతను నవ్వడం ఆపేశాడు. ముసలామె దుప్పటి పిండుతోంది. మోచేతులు దగ్గరికి లాక్కుని, నడుము కొంచెం వంచి, పెదవులు బిగించి. తల మీది గుడ్డ కిందనుంచి రెండు వెంట్రుకలు చెంప మీద పడ్డాయి. దశరథం ముందుకు వంగాడు. అది అచ్చం తన తల్లి బట్టలు పిండే తీరు. అవ్వ చనిపోయి పద్నాలుగేళ్ళు. రజాకార్ల గడబిడ రోజుల్లో జ్వరమొచ్చి పోయింది. అతను ఆమె ముఖం సరిగా చూద్దామనుకున్నాడు, చూడలేకపోయాడు. క్లబ్బు తెర రెండు గుడ్డలు కలిపి కుట్టినది. నడి మధ్యన పైనుంచి కిందికి లావుపాటి అతుకు. ఆ ముసలామె ఎప్పుడు దగ్గరగా కనిపించినా ఆమె ముఖం సరిగ్గా ఆ అతుకు మీదే పడుతోంది. ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు, ముక్కు వంకర.

చివరికి ముసలి ఆలుమగలు తమ పాత వీధికే పోతారు. అన్ని ఇళ్ళూ కూలిపోయి ఉంటాయి. దుప్పటి ఆరేయడానికి గోడ లేదు, తాడు లేదు. ఇద్దరూ దుప్పటికి చెరో కొస పట్టుకుని గాలికి ఎదురుగా నిలబడతారు, అది ఆరేదాకా. సినిమా అక్కడ అయిపోయింది.

లైట్లు వెలిగాయి. జనం నవ్వుకుంటూ బయటికి పోయారు. మార్సెల్ మాత్రం లేవలేదు, టోపీ మోకాలి మీద పెట్టుకుని ఖాళీ తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. దశరథం తెర దగ్గరికి వెళ్ళి అతుకును వేళ్ళతో తడిమాడు.

"ఏంది దశరథమన్నా, ఏం జూస్తున్నవ్?" అన్నాడు దేవదాస్ రీలు చుట్టుకుంటూ.

"ఇది ఎవరు కుట్టిండ్రు సారు? గింత లావు కుట్టు ఏస్తరా?"

"గంత వెడల్పు గుడ్డ యాడ దొరుకుతదే? మిల్లు గుడ్డ వస్తలేదు."

"నేను నేస్త" అన్నాడు దశరథం. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది. "నాలుగు మూరల అడ్డం, ఆరు మూరల పొడుగు. ఒక్కటే గుడ్డ. గీ సినిమా మల్ల వస్తదా సారు?"

దేవదాస్ మార్సెల్‌ను ఇంగ్లీషులో అడిగాడు. మార్సెల్ ఇటు తిరిగి దశరథాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. పెట్టె ఇక్కడి నుంచి బెల్లంపల్లి, ఆ తర్వాత ఇంకా రెండు మూడు ఊళ్ళు తిరిగి, మాఘమాసంలో హైదరాబాద్ పోతూ ఒక్కరోజు ఇక్కడ ఆగుతుందట. అదయిన వారానికి మార్సెల్ కూడా తన దేశం వెళ్ళిపోతాడట.

"నెయ్యి మరి. జర దట్టంగ నెయ్యాలె. పలుచగుంటె వెలుతురు అవతలికి పోతది" అన్నాడు దేవదాస్.

దారిలో కమలవ్వ అడిగింది, "ఒక్కనివి ఎట్ల నేస్తవ్? దానికి ఇద్దరు కావాలె కదా?"

"అన్న ఉన్నడు."

"నేనైతే రాను" అంది కమలవ్వ.

"నిన్నెవరు రమ్మన్నరే? పదిహేను దినాలు సెలవు పెట్టి పోయొస్త."

పుష్యంలో బయల్దేరాడు. ఊళ్ళో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి కొమురెల్లి గడపలో కూర్చుని దారం చిక్కు తీస్తున్నాడు. తమ్ముణ్ణి చూశాడు, మళ్ళీ దారం చూసుకున్నాడు. వదిన బుచ్చవ్వే ఎదురొచ్చింది. "రా దశరథా, మంచిగున్నవా? కమల మంచిగున్నదా?" అంటూ చెంబుతో నీళ్ళిచ్చింది.

వెడల్పు మగ్గం ఉన్న గది తలుపు తీస్తే లోపల చీకటి. గుంట నిండా పిడకలు. పిడకల మీద ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. అది దశరథాన్ని చూసి మెడ నిక్కించి గదమాయించింది.

అన్నం తిన్నాక దశరథం సంగతి చెప్పాడు. కొమురెల్లి విన్నాడు.

"సిన్మా కోసమా? మూడేండ్లకు నా ఇల్లు యాదికొచ్చింది, అది సుత సిన్మా కోసమా?" అన్నాడు భార్యతో, తమ్ముడితో కాకుండా.

"అన్నా, జర ఇను."

"నువ్వు గుంటలకెళ్ళి లేసిపోయినవ్. నేను పిల్వలే, నువ్వు చూడలే. ఇగ నా మగ్గం జోలికి రాకు."

దశరథం తల దించుకున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "గా సిన్మల ఒక ముసల్ది ఉన్నదే. మన అవ్వ లెక్కనే బట్టలు పిండుతది. చేతులు గిట్ల దగ్గరికి గుంజుకొని. మొకం సుత అట్లనే ఉన్నట్టు అనిపిస్తున్నది నాకు. తెరకు అతుకుంటె సక్కగ కనవడలే. గుడ్డ నేస్తె నువ్వు గూడ వచ్చి చూస్తువు. గంతే."

కొమురెల్లి లేచి వెళ్ళి పడుకున్నాడు. తెల్లవారి దశరథం లేచేసరికి గదిలోంచి చప్పుడు వినిపించింది. కొమురెల్లి గుంటలో దిగి పిడకలు ఒక్కొక్కటే బయటికి విసురుతున్నాడు. కోడిని గుడ్లతో సహా గంపలోకి మార్చాడు.

"నిలవడి ఏం జూస్తున్నవ్? గంప అందుకో" అన్నాడు.

నూలు తెచ్చి, గంజి పెట్టి, నిలువు దారాల పడుగు ఎక్కించేసరికి ఆరు రోజులు పట్టింది. బుచ్చవ్వ నాడెలో పెట్టే దారం కండెలు చుట్టింది. ఏడో రోజు పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ గుంటలోకి దిగారు. ఎప్పటిలాగే కొమురెల్లి కుడి వైపు, దశరథం ఎడమ వైపు. చల్లటి మట్టి కాళ్ళకు తగలగానే దశరథం ఒళ్ళు జలదరించింది. మూడేళ్ళుగా సిమెంటు మీదే నడిచాడు, సిమెంటు మీదే పడుకున్నాడు.

కొమురెల్లి నాడె విసిరాడు. దశరథం చేయి ఆలస్యమైంది. నాడె వేళ్ళకు తగిలి కింద పడింది. మళ్ళీ విసిరాడు. మళ్ళీ పడింది.

"చేతులు సచ్చినయా?" అన్నాడు కొమురెల్లి.

"సంచులు పట్టుకునే చేతులైనయే."

"ఏం జేస్తవ్ నువ్వు ఆడ?"

"మిషిన్ సిమెంటు పోస్తది. నేను సంచి మూతి పట్టుకుంట. నిండితె పక్కకు జరుపుత. ఇంకోటి పట్టుకుంట."

"గంతేనా?"

"గంతే."

"పొద్దంత?"

"పొద్దంత."

కొమురెల్లి ఈసారి నాడెను కొంచెం మెల్లగా విసిరాడు, చిన్నప్పుడు నేర్పినట్టు. దశరథం పట్టాడు. తిరిగి విసిరాడు. మధ్యాహ్నానికి అతని చేతులకు పాత దారి దొరికింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే అవసరం లేకపోయింది. కాళ్ళు ఒకేసారి తొక్కుతున్నాయి, నాడె అటూ ఇటూ పోతోంది, పలక ఒక్క దెబ్బతో పేక దారాన్ని బిగిస్తోంది. బుచ్చవ్వ గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆ చప్పుడు వింది. వాకిట్లో పోయేవాళ్ళు ఆగి, "కొమురెల్లి తమ్ముడచ్చిండా?" అని అడిగారు.

నాలుగు రోజులు అలా గడిచాయి. గుడ్డ బెత్తెడు బెత్తెడుగా పెరిగి, తెల్లగా, దట్టంగా గుండ్రటి దండె కర్రకు చుట్టుకుంటోంది. దశరథానికి అది తొందరగా పూర్తవుతున్నందుకు దిగులు పట్టుకుంది. నాడె కావాలని మెల్లగా విసిరాడు. కొమురెల్లి కనిపెట్టాడు గానీ కసరలేదు. తనూ మెల్లగానే విసిరాడు.

చివరి రోజు పడుగు కోసే ముందు కొమురెల్లి అన్నాడు, "ఉండిపోరాదుర దశరథా."

"కమల రాదన్నా."

"రమ్మని ఒక్కసారన్న అడిగినవా?"

"అడుగలే. ఎట్ల అడుగుత చెప్పు."

కొమురెల్లి కత్తి అందుకున్నాడు. ఆ ఎండాకాలం బావి గట్టు మీది నుంచి కమలవ్వను మంచం మీద వేసుకుని మోసుకొచ్చిన నలుగురిలో తనూ ఒకడు. "అడుగకు. నాకెర్కే" అన్నాడు.

మాఘంలో సినిమా పెట్టె తిరిగొచ్చే రోజుకు కొమురెల్లి వచ్చాడు. గోదావరిలో సగం ఇసుక మీద నడిచి, పాయ దగ్గర పడవ ఎక్కి, తెరను చుట్టి భుజాన వేసుకుని. ఉతికి, ఎండేసి తెస్తానని అతనే ఉంచుకున్నాడు దాన్ని. క్వార్టర్ల వరుసలో తమ్ముడి ఇల్లు దొరక్క రెండిళ్ళ తలుపులు కొట్టి వచ్చాడట, కొంచెం చిరాగ్గా ఉన్నాడు.

"రా బావా, కాళ్ళు కడుక్కో" అని కమలవ్వ నల్లా చూపించింది.

కొమురెల్లి నల్లా తిప్పాడు. నీళ్ళు ధారగా పడ్డాయి. కాళ్ళు కడుక్కున్నాడు, ముఖం కడుక్కున్నాడు, దోసిలి పట్టి తాగాడు. నల్లా కట్టేసి, మళ్ళీ ఒకసారి తిప్పి చూశాడు.

"మంచిగున్నయమ్మా నీళ్ళు" అన్నాడు.

కమలవ్వ లోపలికి తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత గబగబా జొన్నరొట్టెలు చేసింది.

హాల్లో తెర కట్టారు. దేవదాస్ అటూ ఇటూ లాగి, ఎక్కడా ముడత లేకుండా బిగించాడు. మార్సెల్ దగ్గరికొచ్చి అరచేయి దాని మీద ఆనించి ఏదో అడిగాడు.

"ఎవరు నేసిండ్రని అడుగుతున్నడు" అన్నాడు దేవదాస్.

"మేమిద్దరం" అన్నాడు దశరథం. మార్సెల్ ఇద్దరి చేతులూ పట్టుకుని ఊపాడు. కొమురెల్లి సిగ్గుపడి, ఊపిన చేతిని ధోవతికి తుడుచుకున్నాడు.

సినిమా మొదలైంది. కొమురెల్లి అంతకు ముందు జమ్మికుంట టూరింగు డేరాలో రెండు పౌరాణికాలు తప్ప ఏమీ చూడలేదు. మీట నొక్కితే గోడలోంచి బల్ల రావడం చూసి కెవ్వుమన్నాడు. లిఫ్టు దుప్పటిని లాక్కుపోయినప్పుడు తొడ మీద కొట్టుకుని, "గుంజుకపాయె, గుంజుకపాయె" అని అరిచాడు. ముందు వరుసలో వాళ్ళు సినిమా మానేసి అతన్ని చూసి నవ్వారు. దశరథం నవ్వలేదు. అతను ఎదురుచూస్తున్నాడు.

ముసలామె దుప్పటి పిండింది. మోచేతులు దగ్గరికి లాక్కుంది.

"గిదే అన్నా. సూడు" అన్నాడు దశరథం.

ఆమె ముఖం తెర నిండా వచ్చింది. ఎక్కడా గీత లేదు. పొడుగాటి ముక్కు, లోపలికి పోయిన కళ్ళు, గడ్డం మీద చిన్న గుంట. మంచి ముఖమే. ఎవరో దూరదేశపు ముసలామె.

కొమురెల్లి చాలాసేపు చూశాడు. "చేతులు సరే గని, అవ్వ గట్ల లేకుండెరా" అన్నాడు మెల్లగా.

"అవునే" అన్నాడు దశరథం. "లేకుండె."

ఆ రెండు మాటలు అనడానికి అతనికి చాలా కష్టమైంది. ముఖాన్ని మూసేసిన అతుకు పోతే వెనక అవ్వ ఉంటుందనుకున్నాడు. ఇప్పుడు అవ్వ ముఖం తలచుకుందామంటే అదీ సరిగా రావడం లేదు. ఇంట్లో ఆమె ఫోటో లేదు. ఎవరూ ఎప్పుడూ తీయలేదు. ముసలి ఆలుమగలు కూలిన వీధిలో దుప్పటికి చెరో కొస పట్టుకుని నిలబడినప్పుడు కొమురెల్లి తమ్ముడి భుజం మీద చేయి వేశాడు, సినిమా అయిపోయేదాకా తీయలేదు.

బయట మార్సెల్ దేవదాస్‌తో ఏదో చెబుతున్నాడు. ఆ కూల్చేసిన వీధి నిజం వీధేనట. రెండు సందుల అవతల వాళ్ళ అమ్మ ఇల్లు ఉండేదట. సినిమా తీసిన నెలకే అదీ పోయిందట. వచ్చే వారం అతను వెళ్ళేది ఆ పట్నానికే గానీ ఆ ఇంటికి కాదు. దేవదాస్ ఇదంతా అన్నదమ్ములకు తెలుగులో చెప్పాడు. తర్వాత మార్సెల్ టోపీ పెట్టుకుని తన బంగళా వైపు నడిచాడు.

తెల్లవారి దశరథం అన్నను సాగనంపడానికి రేవుదాకా వెళ్ళాడు. ఇసుక ఇంకా చల్లగా ఉంది.

"అవ్వకు చెంప మీద మచ్చ ఉండె. యాదున్నదా?" అన్నాడు కొమురెల్లి.

"ఎందుకు లేదు? కుడి చెంపకు."

"కుడి కాదురా, ఎడమకు. అన్నం పెట్టేటప్పుడు నాకు సక్కగ కనవడేది."

"నన్ను ఎత్తుకున్నప్పుడు గిల్లేటోన్ని అన్నా. కుడికే."

"నీకు అప్పుడేం తెలుసురా, జానెడంత లేవు."

ఇద్దరూ వాదించుకుంటూ పాయ దాకా వచ్చారు. అవ్వ గురించి వాళ్ళు ఇంతగా మాట్లాడుకుని పద్నాలుగేళ్ళయింది. ఆమె పళ్ళ గురించి, కండె చుడుతూ పాడే కూనిరాగం గురించి, కోపమొస్తే పీట విసిరే అలవాటు గురించి చెప్పుకున్నారు. పడవవాడు రెండుసార్లు పిలిచాడు.

"వచ్చే మాఘంల గూడ సెలవు దొరుకుతదా?" అన్నాడు కొమురెల్లి పడవ ఎక్కుతూ. "పడుగు ఎక్కిచ్చి ఉంచుత. దుప్పట్లు నేద్దాం."

"దొరుకుతది. వస్త."

పడవ కదిలింది. నడి పాయకు వెళ్ళాక కొమురెల్లి లేచి నిలబడి ఏదో అరిచాడు. గాలికి మాట అందలేదు. దశరథం మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, చేయి చెవికి అడ్డం పెట్టుకుని, "ఏందే?" అని అడిగాడు. అన్న మళ్ళీ అరిచాడు, ఈసారీ వినిపించలేదు. పడవ అవతలి ఒడ్డు చేరి, తెల్లటి తలపాగా ఇసుక మీద చిన్నదై కనిపించకుండా పోయేదాకా అతను నీళ్ళలోనే ఉన్నాడు. ఫ్యాక్టరీలో మొదటి సైరను మోగాక తిరిగి నడిచాడు.